కాలకేయులు: తెలుగు తెర మీది కల్పిత యుద్ధజాతి

కాలకేయులు ‘బాహుబలి: ది బిగినింగ్’ చిత్రంలో మాహిష్మతీ రాజ్యం మీద దండెత్తే కల్పిత యుద్ధజాతి. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో, ఆర్కా మీడియా వర్క్స్ పతాకంపై శోభు యార్లగడ్డ, ప్రసాద్ దేవినేని నిర్మించిన ఈ చిత్రం 2015 జులై 10న విడుదలైంది. కథ వి. విజయేంద్రప్రసాద్‌ది. పేరు పురాణాల నుంచి వచ్చింది. భాష, వేషం, ఆయుధాలు, యుద్ధరీతి మాత్రం ఈ చిత్రం కోసమే తయారయ్యాయి. తెలుగు సినిమాలో శత్రువర్గానికి వ్యాకరణంతో సహా ఒక భాషను కల్పించడం అంతకుముందు లేదు. అందువల్ల తెలుగు తెర మీది కల్పిత జాతుల గురించి చెప్పేటప్పుడు కాలకేయుల నుంచే మొదలుపెట్టడం సబబు. వీరి వెనుక పురాణంలోని దానవులున్నారు. వీరి తర్వాత ‘సలార్’లోని శౌర్యాంగులు, ‘కల్కి 2898 ఏ.డీ.’లో ఎడారి చాటున బతికే శంబాలవాసులు వచ్చారు.

పురాణ మూలం

మహాభారతంలో కాలకేయులు దానవులు. పులోమ, కాలక అనే ఇద్దరు స్త్రీలు దీర్ఘకాలం తపస్సు చేసి, తమ సంతానానికి దేవతల చేత, నాగుల చేత, రాక్షసుల చేత చావు లేకుండా బ్రహ్మ వద్ద వరం పొందారు. దానితో పాటు ఆకాశంలో తిరిగే హిరణ్యపురం అనే నగరం కూడా వారికి దక్కింది. పులోమ కొడుకులు పౌలోములు, కాలక కొడుకులు కాలకేయులు. వరంలో మనుషుల మాట లేదు. ఆ సందు వల్లే ఇంద్రుడి కోసం నివాతకవచులనే దానవులను చంపి తిరిగివస్తున్న అర్జునుడు, మాతలి తోలే రథం మీద నుంచి రౌద్రాస్త్రం వేసి ఆ పట్టణాన్ని కూల్చగలిగాడు.

అదే ఆరణ్యపర్వంలో మరో కథ ఉంది. వృత్రాసురుడి వెంట ఉన్న కాలకేయులు, దధీచి ఎముకలతో చేసిన వజ్రాయుధానికి వృత్రుడు కూలిపోగానే సముద్రంలో దూరారు. పగలు నీళ్ళలో దాక్కుని రాత్రిళ్ళు బయటికి వచ్చి వసిష్ఠుడు, చ్యవనుడు, భరద్వాజుడు మొదలైన వారి ఆశ్రమాల మీద పడి తాపసులను చంపేవారు. వారికి ఆ చాటు లేకుండా చేయడానికి అగస్త్యుడు సముద్రాన్ని తాగేశాడు. దేవతలు చాలామందిని చంపగా, మిగిలినవారు నేలను చీల్చుకుని పాతాళానికి పోయారు. రామాయణం ఉత్తరకాండలో దిగ్విజయానికి బయలుదేరిన రావణుడు అశ్మనగరంలో కాలకేయులతో పోరాడి, ఆ పోరులో తన చెల్లెలు శూర్పణఖ భర్త విద్యుజ్జిహ్వుణ్ణి కూడా చంపుతాడు.

నన్నయ, ఎఱ్ఱన తెలిగించిన ఆరణ్యపర్వం వల్ల ఈ కథలు తెలుగువారికి వెయ్యేళ్ళుగా తెలిసినవే. పురాణంలోని కాలకేయులకు, సినిమాలోని కాలకేయులకు రెండు పోలికలు కనిపిస్తాయి. గుంపుగా వచ్చి నిరాయుధుల మీద పడటం ఒకటి. ఊరూ నేలా స్థిరంగా లేకపోవడం రెండోది. మొదటి కథలో వారి నగరమే గాలిలో తిరుగుతుంది, రెండో కథలో సముద్రమే వారి స్థావరం. విజయేంద్రప్రసాద్ ఆ దానవత్వాన్ని తీసివేసి వారిని మనుషులను చేశారు. వరాలు, మాయలు పోయి సంఖ్యాబలం, ఇనుము, కేక మిగిలాయి.

చిత్రకథలో స్థానం

కాలకేయుల ఘట్టం మొదటి భాగం చివర, రాజవంశ సేవకుడు కట్టప్ప చిత్రనాయకుడు మహేంద్ర బాహుబలికి అతని తండ్రి అమరేంద్ర బాహుబలి కథ చెప్పేటప్పుడు వస్తుంది. మాహిష్మతి సైనిక రహస్యాలను సాకేతుడు అనే ద్రోహి శత్రువులకు చేరవేస్తాడు. అమరేంద్ర బాహుబలి, భల్లాలదేవుడు అతణ్ణి వెతికి పట్టుకొచ్చేసరికే కాలకేయులు సరిహద్దు చేరారని తేలుతుంది. యుద్ధానికి ముందు జరిగిన ముఖాముఖిలో వారి నాయకుడు ఇంకోషి రాజమాత శివగామిని ఘోరంగా అవమానిస్తాడు. అతణ్ణి చంపినవాడే మాహిష్మతికి రాజు అని శివగామి ప్రకటిస్తుంది. ఆ మాటతో యుద్ధం రెండు పనులు చేయవలసి వస్తుంది. రాజ్యాన్ని కాపాడాలి, ఇద్దరు అన్నదమ్ముల్లో రాజెవరో తేల్చాలి.

మాహిష్మతి సేన త్రిశూల వ్యూహం పన్నుతుంది. తిరిగే కత్తులు బిగించిన భల్లాలుడి రథం, బాహుబలి శత్రువుల మీదికి విసిరించి నిప్పుబాణాలతో అంటించే గుడ్డలు, మాహిష్మతి వైపు తెలివినీ బలాన్నీ చూపే ఉపాయాలు. కాలకేయుల వైపు ఉన్నది ప్రధానంగా సంఖ్య. ఓటమి దగ్గరపడినప్పుడు వాళ్ళు చెరపట్టిన మాహిష్మతి ప్రజలను తమ ముందు నిలబెడతారు. భల్లాలుడు వారి మీదుగానే రథం తోలతాడు. బాహుబలి వారిని నేలకు పడగొట్టి ప్రాణాలు దక్కించి, తర్వాత శత్రువు మీదికి వెళ్తాడు. ఇంకోషి చివరికి భల్లాలుడి చేతిలోనే చస్తాడు. అయినా ప్రజలను కాపాడినందుకు శివగామి బాహుబలినే రాజుగా ప్రకటిస్తుంది. కథకుడికి కాలకేయులు కావలసింది ఈ తీర్పు కోసమే. వాళ్ళు గెలిచినా ఓడినా వారి సొంత కథ ఏదీ లేదు. ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఇంటి దగ్గర వాళ్ళ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు అన్న ప్రశ్నలకు చిత్రంలో చోటు దొరకలేదు. వారి వైపు స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్ళు కనిపించరు. పశువు లేదు, పాట లేదు. సంచార జాతుల బతుకును నడిపేవి సరిగ్గా ఇవే.

ఇంకోషి పాత్ర వేసిన ప్రభాకర్ అంతకుముందు రాజమౌళి ‘మర్యాద రామన్న’ (2010)లో నటించారు. ‘బాహుబలి’ తర్వాత ఆయన పేరు ముందు ‘కాలకేయ’ ఇంటిపేరులా చేరి, కాలకేయ ప్రభాకర్‌గానే పరిచితులయ్యారు.

కిలికి భాష

కాలకేయుల భాష పేరు కిలికి. దీన్ని రూపొందించినది తమిళ గీతరచయిత మదన్ కార్కి. ఆయన కవి వైరముత్తు కుమారుడు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ చేశారు. అక్కడ చదువుకునే రోజుల్లో పిల్లలను చూసుకునే పని చేస్తూ వారితో సరదాగా అల్లిన మాటలే ఈ భాషకు మొలక. సినిమా కోసం దాన్ని సుమారు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలుగా పెంచారు. నాలుకతో చేసే టకటక ధ్వనులు ఇందులో అక్షరాలతో సమానంగా పనిచేస్తాయి. ‘మిన్’ అంటే నేను, దాన్ని తిరగేసిన ‘నిమ్’ అంటే నువ్వు. ఒకదానికి ఎదురైన మరొక అర్థం కావాలంటే మాటను తిప్పడం ఈ భాషలోని ఒక పద్ధతి.

సినిమా కథకు ఇంత పని అవసరమా అన్న ప్రశ్నకు జవాబు తెర మీదే ఉంది. ఏదైనా బతికున్న భాషను ఇంకోషి నోట పెట్టి ఉంటే ఆ భాష మాట్లాడే జనమంతా క్రూరులన్న ముద్ర పడేది. అర్థంలేని అరుపులతో సరిపెట్టి ఉంటే అతను మృగంలా మిగిలేవాడు. వ్యాకరణం ఉన్న మాటలు కాబట్టే నటుడికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒత్తాలో తెలిసింది. ఒక అక్షరం అర్థం కాకపోయినా ప్రేక్షకుడికి అది బెదిరింపో ఎగతాళో తెలిసిపోతుంది. గాయని స్మిత కిలికి మాటలతో ‘బాహా కిలికి’ అనే పాట చేశారు. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినం నాడు, కిలికి నేర్చుకునేందుకు ఒక వెబ్‌సైట్ ప్రారంభమైంది. లిపి, అంకెలు కూడా వచ్చాయి. తెర మీద యుద్ధంలో పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన జాతికి తెర బయట భాష మిగలడం ఈ సృష్టిలోని విశేషం.

తెలుగు సినిమాలో ఇలాంటి ప్రయత్నానికి పూర్వరంగం ఉంది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడి కొలువుకు పింగళి నాగేంద్రరావు కొత్త మాటలు పుట్టించారు. అసమదీయులు, తసమదీయులు, వీరతాడు వంటివి ఇప్పటికీ తెలుగిళ్ళలో వినిపిస్తాయి. పింగళి మాటలు తెలుగులోంచే పుట్టి రాక్షసులను మనకు చుట్టాలను చేశాయి. కిలికి వినేవారికి చుట్టరికం కలగకూడదనే తయారైంది. రెండూ తమ పనిని గొప్పగా చేశాయి గానీ, చేసిన పనులు వేరు. అరవై ఏళ్ళ ఎడంలో పరాయివాణ్ణి చూసే తెలుగు సినిమా చూపు ఎంత మారిందో ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే స్పష్టమవుతుంది.

తయారీ

హైదరాబాదు షేక్‌పేట మండలంలోని ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ తెలుగు సినిమాకు కార్యక్షేత్రం. తెలుగు ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియోస్, పద్మాలయా స్టూడియోస్ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. పక్కనే బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ ఉంది. కథాచర్చలు, కూర్పు, డబ్బింగ్, గ్రాఫిక్స్ పనులు ఈ గుట్టల మీద జరిగితే, పెద్ద సెట్లు, యుద్ధాలు నగరానికి అటు చివర 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్‌సిటీలో లేస్తాయి. కాలకేయ యుద్ధం చిత్రీకరణ కూడా రామోజీ ఫిల్మ్‌సిటీలోనే జరిగింది.

కళాదర్శకుడు సాబు సిరిల్ ఆయుధాలను, సరంజామాను రూపొందించారు. పోరాటాలు పీటర్ హెయిన్ సమకూర్చారు. ఛాయాగ్రహణం కె.కె. సెంథిల్ కుమార్‌ది. వేలమందిగా కనిపించే సేనలో ముందు వరుసలు జూనియర్ ఆర్టిస్టులు, వెనుక వరుసలు కంప్యూటర్‌లో పుట్టినవి. హైదరాబాదుకు చెందిన మకుట, ఫైర్‌ఫ్లై సహా పలు సంస్థలు వి. శ్రీనివాస్ మోహన్ పర్యవేక్షణలో గ్రాఫిక్స్ చేశాయి. 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ‘బాహుబలి’ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది, ప్రత్యేక ప్రభావాల పురస్కారం శ్రీనివాస్ మోహన్‌కు దక్కింది. ఒక తెలుగు చిత్రం జాతీయ ఉత్తమ చిత్రం కావడం అదే మొదటిసారి.

రెండు సేనలను కలగలిసిన దుమ్ములో కూడా విడదీసి గుర్తుపట్టేలా చూపడం దృశ్య రూపకల్పనలో పెద్ద చిక్కు. మాహిష్మతి వైపు వరుసలు, కవచాలు, జెండాలు, ఒకే రకం డాళ్ళు. కాలకేయుల వైపు వరుస లేదు, ఒకరి వేషంలా మరొకరిది ఉండదు, ఒంటికి మసి, తోలు, ఎముకలు. ఎంత దూరం నుంచి చూసినా ఎవరెవరో తెలుస్తుంది. ఈ పద్ధతి కంటికి పనికొచ్చింది, కానీ దానికి మూల్యం ఉంది.

రంగు గురించిన విమర్శ

కాలకేయులను నల్లటి దేహాలతో, మాహిష్మతి రాజవంశాన్ని తెల్లటి ఛాయతో చూపడం మీద చిత్రం విడుదలైనప్పటి నుంచీ విమర్శ ఉంది. నలుపును అనాగరికతకు గుర్తుగా వాడటం తప్పని పలువురు సమీక్షకులు, రచయితలు రాశారు. ఈ విమర్శ న్యాయమైనది. కథ ప్రకారం కాలకేయులు క్రూరులు కావడానికి వారి చర్మంతో పనిలేదు. బందీలను ముందు నిలబెట్టడం ఒక్కటే వారి మీద అసహ్యం కలిగించడానికి చాలు. అయినా మేకప్‌తో నల్లబరచడంలో, ప్రేక్షకుడి మనసులో ముందే ఉన్న ఒక దురభిప్రాయాన్ని సినిమా ఆసరాగా తీసుకుంది. తెలుగు నేల మీద ఎండలో కష్టపడే జనం ఒంటిరంగు అదే కావడం ఈ తప్పును మరింత పెద్దది చేస్తుంది. కాలకేయుడు అనే మాట ఆ తర్వాత బళ్ళలో, వీధుల్లో నల్లగా, భారీగా ఉండేవారిని ఏడిపించే మాట అయింది. కల్పిత జాతి మీద వేసిన నింద నిజమైన మనుషుల మీద వచ్చి పడటానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

దేవుడు ఎవరి వైపు

ప్రపంచ సాహిత్యంలో సంచార యుద్ధజాతిని కల్పించినవారు సాధారణంగా ముందుగా వారికొక దేవుణ్ణి ఇస్తారు. నీరు, నీడ, గోడ లేని చోట జనాన్ని కట్టి ఉంచేది నమ్మకమే కాబట్టి. అమెరికన్ రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ప్రచురించిన ‘డ్యూన్’ నవలలో అరాకిస్ అనే ఎడారి గ్రహం మీద ఫ్రెమెన్ అనే జాతి ఉంటుంది. వాళ్ళు ఇసుకలో తిరిగే మహాపురుగును షై హులూద్ అని దైవంగా కొలుస్తారు, చుక్క నీటిని కూడా ఆచారంతో వాడతారు, తమను నడిపించే రక్షకుడి కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులో కొంత భాగాన్ని బయటివారే కావాలని నాటారని చెప్పడం హెర్బర్ట్ గొప్పదనం. భక్తి ఆ జాతికి బలం, ఆ భక్తిని వాడుకునేవారికి అదే పగ్గం.

‘బాహుబలి’లో ఈ అమరిక తారుమారై ఉంది. దేవత మాహిష్మతిది. యుద్ధానికి ముందు అమ్మవారికి బలి ఇచ్చే సన్నివేశంలో భల్లాలుడు పశువును నరుకుతాడు, బాహుబలి మూగజీవిని చంపకుండా తన రక్తాన్నే అర్పిస్తాడు. ఎవరు ఎలాంటి రాజు అవుతారో ఆ ఒక్క పూజలోనే తేలిపోతుంది. మొదటి భాగం ఆరంభంలో శివుడు, అంటే మహేంద్ర బాహుబలి, లింగాన్ని భుజాన మోసుకెళ్ళి జలపాతం కింద పెట్టడం కూడా ఇలాంటిదే. భక్తి ద్వారా నాయకుడి స్వభావాన్ని చెప్పడం ఈ చిత్రానికి ఇష్టమైన పద్ధతి. కాలకేయులు దేవుడికి మొక్కే సన్నివేశం మాత్రం లేదు. ఇంకోషి చావుకు ముందు ఎవరినీ తలచుకోడు. భాష ఇచ్చిన చేత్తోనే దైవాన్ని కూడా ఇచ్చి ఉంటే, ఇరువైపుల భక్తీ ఎదురెదురుగా నిలిచేది. ప్రేక్షకుడు అప్పుడు శత్రువు చావును అంత తేలికగా చూడలేకపోయేవాడు. కాలకేయుల కల్పనలోని పెద్ద లోటు ఇదే.

ఈ లోటును సరిదిద్దిన ప్రయత్నం ‘బాహుబలి’ కథాప్రపంచంలోనే కనిపిస్తుంది. ఆనంద్ నీలకంఠన్ 2017లో ఇంగ్లిషులో రాసిన పూర్వకథా నవల ‘ది రైజ్ ఆఫ్ శివగామి’లో వైతాలికులు అనే కొండజాతి ఉంది. మాహిష్మతి తమ పవిత్ర పర్వతం గౌరీపర్వతాన్ని ఆక్రమించుకున్నందుకు వారు తిరగబడతారు. ఇక్కడ రాజ్యం మీదికి వచ్చినవారికి ఒక కారణం, ఒక దేవత, ఒక కొండ ఉన్నాయి. చదివేవారికి మాహిష్మతి మీద మొదటిసారి సందేహం కలుగుతుంది.

‘మగధీర’ నుంచి ‘బాహుబలి’ రెండో భాగం వరకు

రాజమౌళి కాలకేయుల ముందు కూడా ఒక దండయాత్రను తీశారు. గీతా ఆర్ట్స్ నిర్మించిన ‘మగధీర’ (2009)లో 1609 నాటి ఉదయగఢ్ అనే కల్పిత రాజ్యం మీదికి షేర్ ఖాన్ వస్తాడు. నాయకుడు కాలభైరవుడి పేరే పెట్టుకున్న యోధుడు, చివరి పోరు భైరవుడి పెద్ద విగ్రహం ఎదుట జరుగుతుంది. చిత్రీకరణ కొంత గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్‌లో సాగింది. శ్రీహరి వేసిన షేర్ ఖాన్ చేతికి చిక్కిన రాజ్యం కన్నా ఎదురునిలిచిన వీరుణ్ణే గొప్పగా చూస్తాడు. ఓడించదగ్గ శత్రువులో గౌరవించదగ్గ గుణం ఉంచడం ‘మగధీర’కు నిండుదనం ఇచ్చింది. ఇంకోషిలో అది లేదు.

2017 ఏప్రిల్ 28న వచ్చిన ‘బాహుబలి 2: ది కన్‌క్లూజన్’లో కుంతల రాజ్యం మీద రాత్రివేళ పడేవారు పిండారీలు. వీరు కల్పితులు కారు. పద్దెనిమిదో శతాబ్దంలోనూ పందొమ్మిదో శతాబ్దం ఆరంభంలోనూ మధ్యభారతం కేంద్రంగా తిరిగిన దోపిడీ గుర్రపు దళాలు వీరు. మరాఠా సేనల వెంట ఉండి, జీతం బదులు కొల్లగొట్టిన సొమ్ములో వాటా తీసుకునేవారు. సామాను లేకుండా తేలికగా, వేగంగా కదలడమే వారి బలం. అన్ని మతాల వారూ ఆ దళాల్లో ఉండేవారు. 1816లో వారు కృష్ణానది దాటి గుంటూరు ప్రాంతం దాకా వచ్చి ఊళ్ళు దోచారు. ఆ దాడుల తర్వాత గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ 1817, 1818 సంవత్సరాల్లో పెద్ద సేనలతో వారిని అణచివేశాడు. వారి నాయకుల్లో కరీం ఖాన్ లొంగిపోయాడు, చీతూ అడవిలో పులి నోట పడ్డాడు. సినిమాలో పిండారీలు కొద్ది నిమిషాలే ఉంటారు. గుంటూరు సీమ చరిత్రలో మాత్రం వారు నిజమైన గాయం.

చరిత్రను ఆధారం చేసుకున్న మరో చిత్రం క్రిష్ దర్శకత్వంలో 2017 జనవరి 12న విడుదలైన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’. ఇందులోని శత్రువు నహపానుడు శకుడు. శకులు మధ్యాసియా గడ్డిమైదానాల్లో గుర్రాల మీద తిరిగిన సంచార జాతుల సంతతి. కొడుకు శక, యవన, పహ్లవులను నిర్మూలించాడని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో చెక్కించింది. నహపానుడి వెండి నాణేల మీద శాతకర్ణి తన ముద్రలు కొట్టించగా అవి జోగళ్‌తంబి నిధిలో వేల సంఖ్యలో దొరికాయి. ఈ చిత్రానికి ఎడారి యుద్ధాలు మొరాకోలో తీశారు. అయితే శకుల నమ్మకాలను, వారు ఇక్కడికి వచ్చి బౌద్ధ గుహలకు దానాలు చేసిన సంగతిని సినిమా పెద్దగా పట్టించుకోలేదు. నాసిక్ గుహల్లోనే నహపానుడి అల్లుడు ఉషవదాతుడి దానశాసనాలు ఉన్నాయి. శత్రువుగా వచ్చిన జాతి ఇక్కడి దేవుళ్ళకు, భిక్షువులకు దాతగా మారడం కల్పనకు అందని కథ.

గుట్టల అసలు సంచారులు

కాలకేయులకు రూపం వచ్చిన గుట్టలకు బంజారాహిల్స్ అన్న పేరు సంచార జాతి వల్లే వచ్చింది. బంజారాలు, అంటే లంబాడాలు, రాజస్థాన్‌లోని మార్వాడ్ ఎడారి సీమ నుంచి వచ్చినట్టు చెప్పుకుంటారు. ఎడ్ల బిడారులతో ధాన్యం, ఉప్పు మోసుకుంటూ మొగల్ సేనల వెంట దక్కన్‌కు దిగారు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే దారిలో పదీ పన్నెండు వేల ఎడ్ల బిడారులను చూసినట్టు రాశాడు. విడిది చేసినచోట ఒక కొయ్యకు చుట్టుకున్న పాము రూపాన్ని ప్రతి ఉదయం నిలబెట్టి, అందరూ వరుసగా వచ్చి మొక్కి, ఆ దేవుణ్ణి మోయడానికే ఒక ఎద్దును ఉంచేవారని కూడా అతను చెప్పాడు. ఆయుధం పట్టడం వారికి తెలుసు, దారిదోపిడీల మధ్య సరుకు కాపాడుకోవడానికి అది అవసరం. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఇప్పటికీ నిలిచి ఉంది. గోల్కొండ దారిన వచ్చే వర్తకులకు గదులు, వారి గుర్రాలకు ఒంటెలకు సాలలు అందులో ఉండేవి.

బంజారాల ఆరాధ్యుడు సేవాలాల్ మహరాజ్ 1739లో అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పుట్టాడని వారి విశ్వాసం. ఆయన పశువులు కాసినవాడు, జగదంబ భక్తుడు, మద్యం మానమని, సత్యం తప్పవద్దని తన జనానికి చెప్పినవాడు. ప్రతి తండాలో ఆయనకు గుడి లేదా జెండా ఉంటుంది. రైళ్ళు వచ్చి ఎడ్ల వ్యాపారం పోయాక, 1871 నాటి నేరస్త జాతుల చట్టం ఇలాంటి సంచారులను పుట్టుకతో దొంగలుగా ముద్రవేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. తెలంగాణలో లంబాడాలకు షెడ్యూల్డ్ తెగ హోదా 1976లో వచ్చింది. తిరిగే జనం అంటే భయపడే చూపు చట్టంగా మారితే ఏమవుతుందో వీరి చరిత్ర చెబుతుంది. తెర మీద అడవి జాతులనూ ఎడారి జాతులనూ కల్పించేవారు ఈ చరిత్రను చదవవలసి ఉంది.

‘సలార్’, ‘కల్కి’

కాలకేయుల తర్వాత వచ్చిన రెండు చిత్రాలు జాతికి చరిత్రను, నమ్మకాన్ని ఇచ్చాయి. ప్రశాంత్ నీల్ దర్శకత్వంలో హోంబలే ఫిల్మ్స్ నిర్మించిన ‘సలార్: పార్ట్ 1 – సీజ్‌ఫైర్’ 2023 డిసెంబర్ 22న విడుదలైంది. ఇందులోని ఖాన్సార్ కల్పిత నగరరాజ్యం. మన్నార్, శౌర్యాంగ, ఘనియార్ అనే మూడు తెగలు దాన్ని నిలబెట్టాయి. ఒప్పందం ప్రకారం శౌర్యాంగులకు రావలసిన అధికారాన్ని రాజమన్నార్ కాజేసి ఆ తెగను ఊచకోత కోయిస్తాడు. ప్రభాస్ వేసిన దేవా ఆ తెగలో మిగిలినవాడు. కాటేరమ్మను కొలిచే ఆడపిల్లల మొర విని అతను కాపాడటానికి వచ్చే ఘట్టం చిత్రానికి గుండెకాయ. జనం అతణ్ణి అమ్మవారు పంపిన కొడుకుగా చూస్తారు. యుద్ధజాతి క్రూరత్వం, గ్రామదేవత మీద నమ్మకం ఒకే దేహంలో కలిశాయి. ‘బాహుబలి’లో శత్రువుల వైపు ఉన్న భీకరత్వమే ఇక్కడ నాయకుడికి వచ్చింది.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వైజయంతీ మూవీస్ నిర్మించి 2024 జూన్ 27న విడుదల చేసిన ‘కల్కి 2898 ఏ.డీ.’ ఎడారి జాతి కల్పనకు మరింత దగ్గరగా వచ్చింది. గంగ ఎండిపోయింది. ప్రపంచంలో మిగిలిన చివరి నగరం కాశీ. దాని మీద తలకిందులుగా వేలాడే పిరమిడ్ లాంటి కాంప్లెక్స్‌లో కమల్ హాసన్ వేసిన సుప్రీం యాస్కిన్ నీళ్ళు, చెట్లు, సౌఖ్యాలన్నీ పట్టుకుని కూర్చుంటాడు. ఎడారికి అవతల దాగిన శంబాలలో తిరుగుబాటుదారులు ఉంటారు. శోభన వేసిన మరియం వారి పెద్ద. వేర్వేరు మతాల వారు కలిసి బతుకుతూ, లోకాన్ని కాపాడే బిడ్డను కనే తల్లి కోసం తరాలుగా కనిపెట్టుకుని ఉంటారు. ఆ తల్లిని కాపాడటానికే ఆయుధాలు పడతారు. భాగవతం ప్రకారం కల్కి పుట్టేది శంబల గ్రామంలో విష్ణుయశసుడి ఇంట. పోతన భాగవతంలో ఆ ద్వాదశ స్కంధాన్ని తెలిగించినవాడు వెలిగందల నారయ. సినిమా ఆ ఊరి పేరును తీసుకుని, దాన్ని నిర్వాసితుల స్థావరం చేసింది.

విడుదలైనప్పుడు చాలామంది ఈ చిత్రాన్ని ‘డ్యూన్’తో పోల్చారు. ఇసుక, నీటి కరవు, రక్షకుడి కోసం ఎదురుచూపు రెండింటిలోనూ ఉన్నాయి. నమ్మకం విషయంలో దారులు వేరు. హెర్బర్ట్ ఎడారివాసుల నమ్మకాన్ని అనుమానిస్తాడు. నాగ్ అశ్విన్ దాన్ని నిజమని ఒప్పుకుంటాడు. శంబాలవాసులు ఎదురుచూసిన తల్లి నిజంగానే వస్తుంది, ఆరు వేల ఏళ్ళుగా చావు లేక తిరుగుతున్న అశ్వత్థామ నిజంగానే ఆమెకు కాపలా నిలుస్తాడు. హరికథలు, తోలుబొమ్మలాటలు, వీధి భాగవతాలు వింటూ పెరిగిన ప్రేక్షకుడికి ఇది సహజం. అతనికి పురాణం జరిగిపోయిన కథ కాదు. శంబాలకు చిత్రంలో దక్కిన సమయం తక్కువే. వారి పూజలు ఎలా ఉంటాయి, చచ్చినవారిని ఏం చేస్తారు, పిల్లలకు ఏం నేర్పుతారు అన్నవి ఇంకా చూపవలసి ఉంది. మొదటి భాగం చివర యాస్కిన్ కొత్త బలం పొందుతాడు. మిగిలిన కథను రెండో భాగానికి ఉంచారు.